ఇద్దరికి జపాను భోజనం: ధర్మపురి వంటింటి సరుకులతో

ఒకప్పుడు పదిమందికి అన్నం వండిన ఇళ్ళలో నేడు ఇద్దరే మిగులుతున్నారు. పిల్లలు హోసూరు కర్మాగారాలకో, బెంగళూరు ఉద్యోగాలకో వెళ్ళిపోతే ఊళ్ళో ఉండేది పెద్దవాళ్ళిద్దరు. నైపుణ్యం గల పనివారిని పంపే విషయమై 2021 జనవరిలో భారత్, జపాన్ దేశాల మధ్య ఒప్పందం కుదిరిన తరువాత, జపానుకు వెళ్ళే ఆలోచన చేస్తున్న యువకులు కూడా ఉన్నారు. వెళ్ళేవారికి అక్కడి తిండి తెలియాలి. ఉండేవారికి ఇద్దరికి సరిపడేంత మాత్రమే వండుకునే పద్ధతి తెలియాలి. జపాను ఇంటి వంట ఈ రెండు అవసరాలకూ పనికివస్తుంది.

జపాను భోజనం అనగానే పచ్చి చేపలు గుర్తుకు రావడం సహజం. అయితే అక్కడి సామాన్య గృహస్థు రోజూ తినేది అది కాదు. అన్నం, ఒక చారు, ఒకటి రెండు కూరలు, కొద్దిగా ఊరగాయ, ఇంతే. మన విస్తరికి ఇది దూరపు బంధువు కాదు. ఇందుకు కావలసిన సరుకులలో ఎక్కువ భాగం ధర్మపురి, పాలక్కోడు, పెన్నాగరం సంతలలోనే దొరుకుతాయి. అయితే వంటకు ముందు నీటి సంగతి, వంట తరువాత ఉప్పు సంగతి తప్పక తెలుసుకోవాలి.

మొదట నీళ్ళు

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళపై గోధుమరంగు మచ్చలు, వంగని కీళ్ళు, నడుము బిగుసుకుపోవడం ఇక్కడి పల్లెలకు కొత్త కాదు. ఈ సమస్యను తగ్గించడానికే కావేరి నీటిని శుద్ధిచేసి రెండు జిల్లాలకు అందించే హొగెనకల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకం వచ్చింది. రమారమి 1,900 కోట్ల రూపాయల ఈ పథకానికి 2008లో జపాను అంతర్జాతీయ సహకార బ్యాంకు రుణ ఒప్పందం చేసుకొంది. అదే ఏడాది అక్టోబరులో ఆ బ్యాంకు విదేశీ సహాయ విభాగం ‘జైకా’లో చేరింది. పథకం 2013లో ప్రారంభమైంది. జపాను వంట మన ఇళ్ళకు రాకముందే జపాను రుణంతో నీరు వచ్చిందన్నమాట.

మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. వరకు ఫ్లోరైడు ఆమోదయోగ్యం. వేరే ఆధారం లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. జపానులో ఈ పరిమితి 0.8 మి.గ్రా. మాత్రమే.

వంటింట్లో గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది.
2. అన్నం, పప్పు, చారు తాము ఉడికిన నీటిని తమలో ఉంచుకొంటాయి. కనుక తాగడానికే కాక వంటకు కూడా కావేరి నీటినే వాడాలి. బోరు నీటిని అంట్లకు, బట్టలకు ఉంచుకోవచ్చు.
3. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును తన ఆకులలో కూడబెట్టుకొంటుంది. జపాను పచ్చ టీ మంచిదని విని రోజుకు అయిదారు గిన్నెలు తాగడం ఈ ప్రాంతంలో తగదు. జపానీయులే వేసవిలో తాగే ‘ముగిచా’ మనకు నయం. ఒక పెద్ద చెంచా బార్లీ గింజలను గోధుమరంగు వచ్చేదాకా దోరగా వేయించి, అర లీటరు నీటిలో 10 నిమిషాలు మరిగించి వడగడితే ముగిచా సిద్ధం.

జపాను వంటకు మెత్తని నీరు కావాలనడానికి మరో కారణం కూడా ఉంది. సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగుల సారం మెత్తని నీటిలో చక్కగా దిగుతుంది, సున్నపు నీటిలో సరిగా దిగదు.

భోజనపు అమరిక

జపానులో భోజనాన్ని ‘ఇచిజూ సన్సాయి’ అనే లెక్కతో అమరుస్తారు. అంటే ఒక చారు, మూడు వంటకాలు. అన్నం, ఊరగాయ ఎలాగూ ఉంటాయి కనుక వాటిని లెక్కపెట్టరు. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒక చారు, ఒక కూర సరిపోతాయి. ఈ సంప్రదాయ ఆహార పద్ధతిని ‘వాషోకు’ అంటారు. 2013 డిసెంబరులో యునెస్కో దీనిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

శాకాహారులకు కూడా అక్కడ పాత దారి ఒకటి ఉంది. బౌద్ధ మఠాలలో చేపలు, మాంసమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా వండే వంటను ‘షోజిన్ ర్యోరి’ అంటారు. జెన్ గురువు దోగెన్ 1237లోనే మఠపు వంటవాని విధులపై ఒక గ్రంథం రాశాడు. కనుక జపాను వంట అంటే మాంసాహారమేనని శాకాహార కుటుంబాలు వెనుకాడనక్కరలేదు.

మన గింజలు, వారి గింజలు

వరి అన్నం అందరికీ అందని కాలంలో జపాను పల్లెలు కూడా చిరుధాన్యాలు తిన్నవే. నేడు అక్కడ బియ్యంలో చిరుధాన్యాలు కలిపి వండుకోవడాన్ని ఆరోగ్యకరంగా భావిస్తున్నారు. సరిహద్దు దుకాణాలలో తెలుగు, తమిళ పేర్లు తారుమారై ఒకటి అడిగితే మరొకటి కట్టి ఇచ్చే అవకాశం ఉంది. అందుకే మూడు భాషల పేర్లూ ఇస్తున్నాము:

- కొర్రలు: తమిళంలో తినై, జపానులో అవా.
- వరిగలు: తమిళంలో పనివరగు, జపానులో కిబి. తమిళంలో ఒట్టి ‘వరగు’ అని అడిగితే అరికెలు ఇస్తారు. ఇవి రెండూ వేరు ధాన్యాలు.
- ఊదలు: తమిళంలో కుదిరైవాలి. దీని దగ్గరి జాతిని జపానులో హియె అంటారు.
- రాగులు: తమిళంలో కేళ్వరగు, జపానులో షికోకుబియె.

మన కొండలలో పండే సామలను కూడా ఇదే విధంగా బియ్యంలో కలుపుకోవచ్చు.

కొనవలసినవి, బదులు వాడదగినవి

*సోయా సాస్:* నూడుల్స్ బండ్లవద్ద వాడే చిక్కని నల్ల సాస్ దీనికి పనికిరాదు. సీసా మీద సోయాచిక్కుడు, గోధుమ, ఉప్పు, నీరు మాత్రమే ఉండి, సహజంగా పులియబెట్టినదని రాసి ఉండాలి. గోధుమ పడనివారు దీనిని వాడరాదు.

*మిసో:* ఉడికించిన సోయాచిక్కుడుకు ఉప్పు, ‘కోజి’ అనే బూజు పట్టించిన బియ్యం లేదా బార్లీ కలిపి నెలల తరబడి పులియబెట్టిన ముద్ద ఇది. హోసూరు, బెంగళూరు పెద్ద దుకాణాలలోను, ఆన్‌లైన్‌లోను దొరుకుతుంది. చిన్న డబ్బా కొని ఫ్రిజ్‌లో ఉంచితే ఇద్దరికి చాలా వారాలు వస్తుంది. కొన్ని రకాలలో చేపసారం కలుపుతారు కనుక శాకాహారులు డబ్బాపై ఆకుపచ్చ గుర్తు చూసి కొనాలి.

*మిరిన్:* ఇది వంటలో వాడే తియ్యని బియ్యపు మద్యం. దీనికి బదులు ఒక చెంచా బెల్లం పొడిని రెండు చెంచాల నీటిలో కరిగించి వాడుకోవచ్చు.

*బియ్యం:* ఉప్పుడు బియ్యం పనికిరాదు. పచ్చి బియ్యం కావాలి. మనం పాత బియ్యాన్ని మెచ్చుకొంటాము, జపానీయులు కొత్త బియ్యాన్ని మెచ్చుకొంటారు. కొత్త బియ్యపు అన్నం కొద్దిగా అంటుకొంటుంది. పుల్లలతో తినేవారికి అదే అనుకూలం.

*నువ్వులు, బెల్లం, ముల్లంగి, తియ్యగుమ్మడి (పరంగికాయ), వంకాయ, దోస, ఆకుకూరలు:* ఇవన్నీ మన సంతలోవే.

ఇద్దరికి కొలతలు

జపానులో బియ్యాన్ని ‘గో’తో కొలుస్తారు. ఒక గో 180 మి.లీ., సుమారు 150 గ్రా. బియ్యం. మన పెద్దలు వాడిన ఆళాక్కు దీనికి కొంచెం తక్కువ, ఇంచుమించు 168 మి.లీ. ఇంట్లో పాత ఆళాక్కు ఉంటే అదే వాడవచ్చు. ఒక గో బియ్యం వండితే రెండు గిన్నెల అన్నం వస్తుంది. పొలం పని చేసేవారికి ఒకటిన్నర గో వేయాలి. ఈ వ్యాసంలో చెంచా అంటే 5 మి.లీ., పెద్ద చెంచా అంటే 15 మి.లీ. కింది వంటకాలన్నీ ఇద్దరికి ఒక పూటకు సరిపోతాయి.

1. అత్తెసరు అన్నం

కావలసినవి: పచ్చి బియ్యం ఒక గో, కొర్రలు లేదా సామలు 2 పెద్ద చెంచాలు, నీరు రెండు గోలకు కొంచెం ఎక్కువ.

విధానం: బియ్యం, చిరుధాన్యం కడిగి అరగంట నానబెట్టి, నీటిని వంపేయాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో కొలిచిన నీటితో పెట్టి, మూత వేసి, పెద్ద మంటపై పొంగు రానివ్వాలి. తరువాత మంటను బాగా తగ్గించి 12 నిమిషాలు ఉంచాలి. దించిన తరువాత 10 నిమిషాలు మూత తీయరాదు. గంజి వార్చే పని లేదు. బియ్యం రకాన్ని బట్టి మరుసటి సారి నీరు కొద్దిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

2. సారం, మిసో చారు

జపాను వంటకు ప్రాణం ‘దాషి’ అనే సారం. 1908లో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు రుచికి కారణం గ్లుటామేట్ అని కనుగొని, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. ఈ గ్లుటామేట్ పండిన టమోటాలో కూడా సమృద్ధిగా ఉంది. మన టమోటా చారు రుచికి మూలం కూడా అదే. కనుక పాలక్కోడు టమోటా దొరికే చోట నాచు లేదని విచారించనక్కరలేదు. కొంబులో అయోడిన్ అత్యధికంగా ఉంటుంది. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా దానిని వాడరాదు.

కావలసినవి: ఎండు శీటకే పుట్టగొడుగులు 2; బాగా పండిన టమోటా 1; నీరు అర లీటరు; ముల్లంగి లేదా తియ్యగుమ్మడి ముక్కలు ఒక గుప్పెడు; మునగాకు లేదా పాలకూర ఒక గుప్పెడు; మిసో ఒక పెద్ద చెంచా.

విధానం: పుట్టగొడుగులను ఆరు గంటలు లేదా రాత్రంతా నీటిలో నానబెట్టాలి. వేసవిలో ఆ గిన్నెను ఫ్రిజ్‌లో ఉంచాలి. నానిన నీటిలోనే టమోటాను నాలుగు ముక్కలు చేసి వేసి, 10 నిమిషాలు ఉడికించి వడగట్టాలి. సారం సిద్ధం. ఇందులో నుంచి అరగ్లాసు కూరకు తీసి ఉంచుకోవాలి. మిగిలిన దానిలో పుట్టగొడుగులను సన్నగా తరిగి, కూరముక్కలతో కలిపి మెత్తగా ఉడికించాలి. ఆకుకూర చివరలో వేయాలి. మంట ఆపి, మిసోను గరిటెడు చారులో కరిగించి కలపాలి. మిసో వేసిన తరువాత మరిగిస్తే వాసన పోతుంది. పొలంలో, అడవిలో మొలిచిన పుట్టగొడుగులను ఈ వంటకు ఎంతమాత్రం వాడరాదు.

3. తియ్యగుమ్మడి కూర

కావలసినవి: తియ్యగుమ్మడి 250 గ్రా.; సారం అరగ్లాసు; బెల్లం పొడి 2 చెంచాలు; సోయా సాస్ 2 చెంచాలు.

విధానం: తొక్క తీయకుండా గుమ్మడిని అంగుళంన్నర ముక్కలు కోయాలి. వెడల్పు గిన్నెలో తొక్క కిందికి ఉండేట్టు ఒకే వరుసగా పేర్చాలి. సారం, బెల్లం వేసి మూతపెట్టి 8 నిమిషాలు చిన్న మంటపై ఉడికించాలి. ఆపై సోయా సాస్ వేసి మరో 5 నిమిషాలు ఉంచాలి. గరిటెతో కలిపితే ముక్క చితుకుతుంది, గిన్నెనే అటూ ఇటూ కదపాలి. తాలింపు లేదు, నూనె లేదు. చల్లారేకొద్దీ రుచి ముక్కలోకి దిగుతుంది కనుక ఉదయం వండినది మధ్యాహ్నానికి మరింత బాగుంటుంది.

4. నువ్వుల ఆకుకూర

కావలసినవి: పాలకూర లేదా చిక్కుళ్ళు 200 గ్రా.; నువ్వులు 2 పెద్ద చెంచాలు; బెల్లం పొడి ఒక చెంచా; సోయా సాస్ ఒక చెంచా.

విధానం: ఆకుకూరను మరిగే నీటిలో ఒక నిమిషం (చిక్కుళ్ళయితే 4 నిమిషాలు) ఉడికించి, చల్లటి నీటిలో వేసి, బాగా పిండి తరగాలి. నువ్వులను దోరగా వేయించి రోట్లో బరకగా నూరాలి. బెల్లం, సాస్ కలిపి, వడ్డించే ముందు కూరకు పట్టించాలి.

5. దోసకాయ పచ్చడి ముక్కలు

200 గ్రా. లేత దోసకాయను (తమిళంలో వెళ్ళరికాయ) పల్చగా తరిగి అర చెంచాకు తక్కువ ఉప్పు రాసి, 15 నిమిషాల తరువాత గట్టిగా పిండాలి. నిమ్మరసం, చిటికెడు అల్లం తురుము చేర్చాలి. జపానులో ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ‘ఉమెబోషి’ అనే పుల్లని పండును అన్నంలో నంజుకొంటారు. మనకు దానికి బదులు ఉసిరి ఉంది. తగడూరును, అంటే నేటి ధర్మపురిని, ఏలిన అదియమాన్ ఆయుష్షు పెంచే ఉసిరికాయను తాను తినక అవ్వైయార్‌కు ఇచ్చాడని ఇక్కడి పిల్లలందరికీ తెలిసిన కథే. ఉడికించి, కొద్దిపాటి ఉప్పు అద్దిన ఉసిరి ముక్క ఈ భోజనానికి చక్కగా కుదురుతుంది.

6. మాంసాహారులకు: ఒయకోదోన్

‘ఒయకో’ అంటే తల్లీపిల్లలు. కోడి, గుడ్డు రెండూ కలిపి వండుతారు కనుక ఆ పేరు.

కావలసినవి: ఎముక లేని కోడిమాంసం 150 గ్రా.; ఉల్లిపాయ 1; గుడ్లు 2; సారం లేదా నీరు 120 మి.లీ.; సోయా సాస్ 3 చెంచాలు; బెల్లం పొడి ఒకటిన్నర చెంచా.

విధానం: సారంలో సాస్, బెల్లం వేసి, తరిగిన ఉల్లి, చిన్న మాంసపు ముక్కలు చేర్చి 8 నిమిషాలు ఉడికించాలి. గిలక్కొట్టిన గుడ్లను పైన పోసి మూతపెట్టాలి. జపానులో గుడ్డు సగం ఉడికినప్పుడే దించుతారు. మనం పూర్తిగా గట్టిపడేదాకా ఉంచడమే క్షేమం. వేడి అన్నం మీద వడ్డించాలి. ఇది చేసిన పూట మిసో చారు వద్దు.

హొగెనకల్ చేపలు దొరికినప్పుడు కొద్దిగా ఉప్పు రాసి, పావుగంట తరువాత తడి తుడిచి, పెనంపై రెండు వైపులా బాగా కాల్చి, ముల్లంగి తురుము, నిమ్మరసంతో తినవచ్చు. నదుల, చెరువుల చేపలలో పరాన్నజీవులు ఉంటాయి. వాటిని పచ్చిగా తినే ప్రయోగం ఎవరూ చేయరాదు.

7. ఒంట్లో బాగులేనప్పుడు: ఒకాయు

ఇది మన జావ వంటిదే. అర గో బియ్యానికి అయిదింతల నీరు పోసి, సన్నని మంటపై 40 నిమిషాలు ఉడికించాలి. జ్వరం వచ్చినవారికి నీరు పదింతలు పోయవచ్చు. జపానులో జనవరి 7న ఏడు రకాల లేత ఆకులు వేసి ఈ జావ కాచుకొనే ఆచారం ఉంది. మనకు భోగి అప్పటికి వారం రోజులే దూరం. ఆ రోజులలో మన పొలాలలో దొరికే ఆకుకూరలతో ఇలాగే కాచుకోవచ్చు.

చివరగా ఉప్పు లెక్క

నూనె, కారం తక్కువ కనుక జపాను భోజనం అన్నివిధాలా తేలిక అనుకొంటే పొరపాటు. ఉప్పు అందులో కనబడకుండా ఉంటుంది. ఉప్పు ఎక్కువగా తిన్న ఉత్తర జపానులో ఒకప్పుడు పక్షవాతం మరణాలు చాలా ఎక్కువగా ఉండేవి. ఉప్పు తగ్గించాలని అక్కడ ప్రత్యేకంగా ప్రచారం చేయవలసి వచ్చింది.

ఒక పెద్ద చెంచా మామూలు మిసోలో సుమారు 2 గ్రాములకు పైగా, ఒక చెంచా సోయా సాస్‌లో సుమారు 0.9 గ్రాము ఉప్పు ఉంటుంది. పై కొలతల ప్రకారం మనిషికి మిసో చారులో 1.1 గ్రా., గుమ్మడి కూరలో 0.9 గ్రా., ఆకుకూరలో దాదాపు 0.5 గ్రా. వస్తుంది. దోసకాయ కూడా చేర్చితే ఒక్క పూటలోనే సుమారు 3 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది రోజంతటికీ 5 గ్రాములలోపు. కనుక:

- ఒక పూటకు మిసో చారు గాని, సోయా సాస్ కూర గాని, ఏదో ఒకటే ఉండాలి.
- అన్నంలో ఉప్పు వేయరాదు. అప్పడం, ఆవకాయ ఆ పూట పక్కన పెట్టాలి.
- చప్పగా తోస్తే ఉప్పుకు బదులు నిమ్మరసం, వేయించిన నువ్వులు, మిరియాల పొడి వాడాలి.
- రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మిసోను సగానికి తగ్గించాలి, లేదా వైద్యుని సలహా తీసుకోవాలి.

వారానికి రెండు మూడు పూటలు ఈ వంట చేసుకొంటే చాలు. మిగిలిన పూటలు రాగి సంగటిని వదలరాదు. 100 గ్రాముల రాగులలో 340 మి.గ్రా.కు పైగా క్యాల్షియం ఉంది. పాలు, పెరుగు లేని జపాను భోజనంలో అది తక్కువ. ఫ్లోరైడు ప్రాంతాలవారికి క్యాల్షియం, సి విటమిన్ చాలినంత అవసరం. రాగి సంగటి, ఉసిరికాయ, కావేరి నీళ్ళు మన ఇంట్లో ఉండగా పక్కన ఒక గిన్నె మిసో చారు అప్పుడప్పుడు చేరితే ఇబ్బంది లేదు. మొదటిసారి ప్రయత్నించేవారు అత్తెసరు అన్నం, గుమ్మడి కూరతో మొదలుపెట్టవచ్చు. వాటికి కొత్తగా కొనవలసింది ఒక్క సోయా సాస్ సీసా మాత్రమే. కూరలో సారం లేకపోతే మామూలు నీరే పోయవచ్చు.